త్యాగరాజ కృతులలో మనస్సంబోధనము

తిరువయ్యారున కావేరి యొడ్డున జీవించిన త్యాగరాజస్వామి (1767–1847) కృతులలో ‘మనసా’ యను పిలుపు పలుమారులు వినవచ్చును. ఇది పూర్వసంప్రదాయమే కాని వేరు విశేషము కాదని తలచుట సులభము. సదాశివబ్రహ్మేంద్రులును మనస్సును పిలిచి సంస్కృతమున పాడిరి. త్యాగరాజస్వామి కృతులలోనే కొన్నింట ఆ పదము పాదపూరణమునకు మించిన పని చేయదనుటయు నిజము. అయినను అన్నింటిని ఒకే త్రాట కట్టరాదు.

మలయమారుత రాగమునందలి ‘మనసా ఎటులోర్తునే’ కృతిని చూడుడు. ఇందు మనస్సు ఎదుట నిలిచిన వేరొక వ్యక్తివలె నున్నది. దానికి కవి ఆజ్ఞ యీయడు, మనవి చేసికొనును. పల్లవిలోని ‘చేకొనవే’ యను క్రియ మిక్కిలి విలువైనది. దానిని వ్యతిరేకార్థమున గ్రహించినచో ‘నీవు అంగీకరింపవు గదా’ యను ఫిర్యాదు. ప్రార్థనార్థమున గ్రహించినచో ‘అంగీకరింపుము’ అను వేడికోలు. తెలుగున బ్రతిమాలుట కిట్టి వ్యతిరేకరూపమే వాడుకలో నుండుటచే రెండర్థములును ఒక్క మాటలో ఇమిడినవి. చరణమునకు వచ్చుసరికి ఏల వినవని నిలదీయుట కలదు గాన ఫిర్యాదే పైచేయి యగును. కాని పల్లవి మరల వచ్చినప్పుడెల్ల వేడికోలు మేల్కొనును. తన మనస్సునే బ్రతిమాలుకొనువాడు స్వతంత్రుడా, పరతంత్రుడా యను ప్రశ్న ఈ క్రియలోనే యున్నది.

ఆభోగి రాగమునందలి ‘మనసు నిల్ప శక్తి లేకపోతే’ కృతి తీరు వేరు. ఇందు మనస్సు వినెడి వ్యక్తి కాదు, నిలుపవలసిన వస్తువు. మదముతో మునిగినవానిని కావేరి యెట్లు రక్షించునని కవి యడుగును. ఆ కావేరి తన వాకిటి నదియే! ఆ నిలుపు శక్తి యెవరిదో, ఎచటనుండి వచ్చునో పల్లవి చెప్పదు.

ఈ భేదము కేవలము కవిసమయ మనుటకు వీలులేదు. రసెల్ హర్ల్‌బర్ట్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు 1970 దశకమునుండి మనుష్యులకు చిన్న యంత్రము నిచ్చి, అది మ్రోగిన క్షణమున లోపల నున్నదానిని వ్రాయించెను. కొందరిలో మాటలు ఎడతెగక సాగుచుండగా, కొందరిలో మాట యే కానరాలేదు. చిత్రములో, మాటకందని తలపులో ఉన్నవి. బెంజమిన్ లిబెట్ 1983లో ప్రకటించిన ప్రయోగములలో వ్రేలు కదల్పవలెనను కోరిక తెలియుటకు సెకనులో సుమారు మూడవవంతు ముందే మెదడున సన్నాహము కనబడెను. దానివలన స్వేచ్ఛ లేదని తేలునా యన్న వివాదము తీరలేదు. కవిని ప్రయోగశాల కీడ్చుట విమర్శ కాదు. లోపల మాటయే లేనివానికి మలయమారుత కృతి కల్పనగా తోచవచ్చును, ఆభోగి కృతి అనుభవముగా తోచవచ్చును. ఆ తీర్పును కృతిపై మోపరాదని మాత్రమే ఇచట చెప్పదగినది.

తమిళనాట ఈ కృతులను నేర్చువారిలో పెక్కుమందికి తెలుగు ఇంటిభాష కాదు; వారికి తాత్పర్యమే ఆధారము. తాత్పర్యము వ్రాయువారు ‘చేకొనవే’కు ఒక్క అర్థమునే యిచ్చి రెండవదానిని విడుచుట న్యాయము కాదు. ఆ ఏకారమును సాగదీయు గాయకునికి రెండును తెలిసియుండవలెను.