వర్జీనియా అడిగిన ప్రశ్న

క్రిస్మస్ తాత నిజంగా ఉన్నాడా? ఎనిమిదేళ్ల వర్జీనియా ఓహాన్లన్ ఈ మాట ముందు నాన్ననే అడిగింది. 'సన్' పత్రికలో పడితే నిజమేనమ్మా అని ఆయన తప్పుకున్నాడు. పిల్ల ఆ న్యూయార్కు పత్రికకే ఉత్తరం రాసింది. 1897 సెప్టెంబరు 21న ఫ్రాన్సిస్ ఛర్చ్ సంపాదకీయంలో జవాబిచ్చాడు. నేటికీ జనం మెచ్చుకునే రచన అది.

ముచ్చటగానే ఉంటుంది, కాదనను. ప్రేమ, దయ ఉన్నట్టే తాతా ఉన్నాడట. కంటికి కనబడనంత మాత్రాన లేడనకూడదట. కానీ పిల్ల అడిగింది మనిషి సంగతి, ఆయన చెప్పింది గుణాల సంగతి. నాన్నలాగే ఆయనా తప్పుకున్నాడు, కాకపోతే అందంగా!

క్రైస్తవ తల్లికి చిక్కంతా ఇక్కడే. కనబడని దేవుణ్ణి నమ్మమని చెప్పవలసిందీ ఆ నోటితోనే కదా! రేపు తాత ఉత్తదని తేలితే, పిల్ల ఆ రెండో మాటని మాత్రం ఎందుకు నమ్మాలి?

నాలుగో శతాబ్దంలో మైరా పట్టణపు బిషప్పు నికొలాస్, ఒక పేదింటి ముగ్గురాడపిల్లల పెళ్లిళ్లకి గుట్టుగా బంగారం ఇచ్చాడని కథ. ఆ పేరు మీద పుట్టినవాడే ఈ తాత. అలాగని చెప్పి, ఎర్రచొక్కా వేసి ఆడించండి. ఆటని ఆట అన్నంత మాత్రాన పిల్లల సరదా ఎక్కడికీ పోదు. అమ్మ మాట మీద నమ్మకం పోతేనే మళ్లీ రాదు.