ఆకాశంలో చారలు

రీలు ఇంట్లోనే కడుక్కునే పిల్లలు మళ్లీ కనిపిస్తున్నారు. నెగెటివ్ తెచ్చి కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని, "ఇదిగో చూడండి సార్, ఆకాశమంతా చారలు. కెమికల్ పాతబడిందంటారా?" అని అడుగుతుంటారు. దాదాపు అందరూ ముందు కెమికల్‌నే అనుమానిస్తారు. కొత్త కిట్ కొంటారు, అవే చారలు మళ్లీ పడతాయి. మందు చచ్చిపోతే దాని ప్రభావం రీలు మొత్తం మీద కనిపిస్తుంది. బొమ్మలన్నీ పలచబడతాయి, రంగులన్నీ ఒకే తీరుగా తప్పుతాయి. ఒకే బొమ్మలో ఒకచోట బాగుండి పక్కనే చెడిందంటే, ఆ మందు ఫిల్మ్ మీదికి ఎలా చేరింది, అక్కడ ఎలా కదిలింది అన్నది చూసుకోవాలి.

అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఆ చార నెగెటివ్ మీద నిజంగా ఉందా? ఫిల్మ్‌ను అటుదిటు తిప్పి మళ్లీ స్కాన్ చేయండి. చార బొమ్మతో పాటు తిరిగితే అది ఫిల్మ్‌దే. తెర మీద ఉన్నచోటే ఉండిపోతే స్కానింగ్ దగ్గర తేడా ఉంది. డిజిటల్ కెమెరాతో నెగెటివ్‌లను కాపీ చేసుకునేవాళ్లకు ఇది తరచూ ఎదురవుతుంది. అంచు చిల్లుల్లోంచి వచ్చిన వెలుతురు లెన్సులోకి చిమ్మి, పాజిటివ్‌గా మార్చాక బొమ్మ అంచులు నల్లబారతాయి. ఆ పాపం డెవలపర్ మీద వేస్తారు.

ఫిల్మ్‌దే అని తేలాక రెండు బొమ్మల మధ్య ఖాళీని, అంచున ఫ్యాక్టరీలోనే ముద్రించిన అంకెల్ని చూడాలి. కెమెరాలో లెన్సు నుంచి వచ్చే వెలుతురు అక్కడికి చేరదు. మచ్చ బొమ్మ చట్రం దగ్గర కచ్చితంగా ఆగిపోతే కెమెరాను, షట్టర్‌ను అనుమానించండి. చట్రం దాటి ఖాళీలోకి, చిల్లుల దాకా పాకితే వెలుతురు కారడమో, ఫిల్మ్ కడిగే ట్యాంకులో జరిగిన తేడానో అయ్యుంటుంది. ఈ ఒక్క పరిశీలనతో సగం అనుమానాలు తీరిపోతాయి.

ఇక చారల సంగతి. కలర్ నెగెటివ్ ఫిల్మ్ కోసం కొడాక్ 1972లో తెచ్చిన సి-41 పద్ధతిలో డెవలపర్ 37.8 డిగ్రీల దగ్గర ఉండాలి, 3 నిమిషాల 15 సెకన్లు పని చేయాలి. ఉష్ణోగ్రత అటూ ఇటూ 0.15 డిగ్రీ మించి కదలకూడదు. ల్యాబుల్లో యంత్రాలు పాటించే లెక్క ఇది, మనం చేత్తో చేస్తున్నాం. నలుపు తెలుపు ఫిల్మ్‌ను 10 నిమిషాలు కడుగుతూ మందు పోయడానికి 15 సెకన్లు తీసుకుంటే, అది మొత్తం సమయంలో నలభయ్యో వంతు. సి-41లో అవే 15 సెకన్లు పదమూడో వంతు. ట్యాంకులో ఫిల్మ్ అంచు మీద నిలబడి ఉంటుంది కాబట్టి కింది అంచుకు మందు ముందు అందుతుంది, పై అంచుకు ఆలస్యంగా అందుతుంది. పైగా కలర్ ఫిల్మ్‌లో రంగు పొరలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. నీలానికి స్పందించే పొర పైన, ఎరుపుకి స్పందించేది అడుగున. కదలిక చాలకపోతే తాజా మందు అడుగు పొరకు సరిగా అందదు. అందుకే నలుపు తెలుపులో లేత బూడిద గీతగా ఉండిపోయే తేడా ఇక్కడ రంగు తిరిగిన చారగా కనిపిస్తుంది.

ఆకాశంలో చారలు అంచు చిల్లుల దగ్గర మొదలై, చిల్లుకీ చిల్లుకీ ఉన్నంత ఎడంతో బొమ్మ లోపలికి దిగుతున్నాయా? ఆ ఎడం సుమారు 4.75 మిల్లీమీటర్లు. స్కేలు పెట్టి కొలవొచ్చు. నెగెటివ్ మీద అవి చుట్టుపక్కల కంటే ముదురుగా, ప్రింటులో తెల్లటి కడ్డీల్లా ఉంటే, ట్యాంకును మరీ గట్టిగా, ఒకే తీరుగా ఊపారన్నమాట. మందు ప్రతిసారీ అదే చిల్లులోంచి అదే దారిన దూసుకొస్తుంది. ఆ దారిలో ఫిల్మ్ ఎక్కువ ఉడుకుతుంది. కాలువ నీళ్లు తూము దగ్గర నేలను కోసినట్టే ఇది. ట్యాంకును కదపకుండా వదిలేస్తే దీనికి పూర్తిగా వ్యతిరేకం. బాగా వెలుతురు పడిన చోట పుట్టిన బ్రోమైడ్ బరువుగా కిందికి జారుతుంది. జారినంత మేర డెవలపర్‌ను అడ్డుకుని పలచటి చార మిగులుస్తుంది. రెండూ చారలే, విరుగుడు మాత్రం దేనికదే, ఒకదానికొకటి ఎదురు. ముదురుదా పలచటిదా అని చూడకుండా "ఇంకాస్త ఎక్కువ తిప్పు" అని సలహా ఇచ్చేవాళ్ల మాట వినకండి.

నా పద్ధతి చెబుతాను. మందును వేగంగా పోయాలి. మొదటి 30 సెకన్లు ఆపకుండా, నెమ్మదిగా తలకిందులు చేస్తూ ఉండాలి. తర్వాత 30 సెకన్లకోసారి నాలుగుసార్లు. ప్రతిసారీ ట్యాంకును చేతిలో కొంచెం పక్కకు తిప్పాలి. అప్పుడు మందు ఒకే దారి పట్టదు. నడిమి గొట్టంలో పుల్ల పెట్టి రీలును గిరగిరా తిప్పడం సులువే కానీ, కలర్ ఫిల్మ్‌కు అదొక్కటే నమ్ముకోవడం నాకు నచ్చదు. కొన్ని కిట్లలో 30 డిగ్రీల దగ్గర 8 నిమిషాలు అన్న పద్ధతీ ఉంటుంది. మచ్చలు తగ్గుతాయి నిజమే, కానీ మూడు పొరలూ ఒకే లెక్కలో నడవవు. నీడల్లో ఒక రంగు, వెలుతురులో ఇంకో రంగు తిరుగుతుంది. దానికంటే చేతి కదలికను దిద్దుకోవడమే మేలంటాను.

రీలు పొడవునా ఒకే అంచు పలచగా ఉంటే మందు తక్కువ పోశారు. ప్యాటర్సన్ ట్యాంకులో ఒక 35 ఎం.ఎం. రీలుకి 290 మిల్లీలీటర్లు కావాలి. కొలత సరిపోయినా అదే జరిగితే రీలు గొట్టం మీద పైకి జారి ఉంటుంది. దాన్ని పట్టి ఉంచే క్లిప్ పెట్టండి. చిన్న గుండ్రటి చుక్కలు గాలి బుడగలవి. మందు పోయగానే ట్యాంకు అడుగును బల్ల మీద రెండు మూడుసార్లు తట్టితే ఊడిపోతాయి. ప్లాస్టిక్ రీలుకు కిందటిసారి చివర్లో వాడిన స్టెబిలైజర్ అంటి ఉండిపోతే మాత్రం ఎంత తట్టినా డెవలపర్ నురగ కడుతూనే ఉంటుంది. కాబట్టి ఫిల్మ్‌ను రీలు నుంచి తీశాకే స్టెబిలైజర్‌లో ముంచండి. డెవలపర్ పని అంతటా ఒకేసారి ఆగేలా, దానికీ బ్లీచ్‌కూ మధ్య ఒక స్టాప్ బాత్ కూడా పెట్టుకోండి. సినిమా ఫిల్మ్ వాడేవాళ్లకు వెనక వైపు నల్లటి మసి పొర ఉంటే అదొక బెడద. వంటసోడా కలిపిన నీళ్లతో ముందే వదిలించాలి.

ఆరేటప్పుడు పడే మచ్చలు మన బోరు నీళ్ల పుణ్యం. ఫిల్మ్‌ను ఏటవాలుగా పట్టుకుని చూస్తే మెరిసే వైపు సున్నపు వలయాలు కనిపిస్తాయి. నోటి ఆవిరి పట్టి మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతాయి. మెరవని వైపు ఉంటే మాత్రం తుడవకండి. మళ్లీ నానబెట్టి, డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన స్టెబిలైజర్‌లో ముంచి ఆరేయండి. ఇన్వర్టర్ బ్యాటరీలకు అమ్మే డిస్టిల్డ్ వాటర్ బాటిల్ చాలు, కానీ అందులో యాసిడ్ కలిసింది కాదని లేబుల్ చూసి తీసుకోండి. ఫ్యాన్ గాలికి మాత్రం ఆరేయొద్దు.

బ్లీచ్ చాలక వెండి మిగిలిపోయి రంగులు మసకబారితే ఏ రోజైనా, పగటి వెలుతురులోనే మళ్లీ బ్లీచ్, ఫిక్సర్ చేసి కడుక్కోవచ్చు. రీలులో ఫిల్మ్ ఒకదానికొకటి అంటుకుని పాలలా మిగిలిన మచ్చ రెండోసారి ఫిక్స్ చేస్తే తేటపడుతుంది, కానీ అక్కడ బొమ్మ ఉండదు. డెవలపర్ దగ్గర పడిన తేడాను ఏ మందూ దిద్దలేదు. దానికి ఉపాయం తర్వాతి రీలులోనే ఉంది. ఫోకస్ తప్పించి ఖాళీ గోడను తీసిన చిన్న ముక్క ఒకటి కడగండి. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. పోసిన కొలత, తిప్పిన తీరు కాగితం మీద రాసి ఆ ముక్కతో పాటే కవర్లో పెట్టుకోండి.