మూడో పిన్ను

మా ఎస్. రాయవరంలో ఎవరైనా కంప్యూటర్ బిగించమని పిలిస్తే నేను తిన్నగా గోడమీది ప్లగ్గు బోర్డు దగ్గరికే వెళ్తాను. మూడు కన్నాలూ ఉంటాయి. విప్పి చూస్తే పైనున్న పెద్ద ఎర్త్ కన్నానికి చాలా ఇళ్లలో వైరే ఉండదు. 'పనవుతోంది కదండీ' అంటారు. అవుతుంది. కానీ కేబినెట్ ఇనుముకి మండ ఆనిస్తే జివ్వుమంటుంది.

లోపలి పవర్ సప్లై 230 వోల్టుల కరెంటును సెకనుకి వేలసార్లు తెంపి కలుపుతూ 12, 5 వోల్టులకు దించుతుంది. ఆ తెంపుడులో పుట్టే రొదను భూమిలోకి పంపడానికి ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు కేబినెట్‌కి కలిపి ఉంటాయి. ఎర్త్ లేదనుకోండి, ఆ రెండింటి నడుమ చిక్కిన కేబినెట్ మీదికి 115 వోల్టుల దాకా వస్తుంది. కరెంటు బహు తక్కువ గనక ఒట్టి జిలతోనే పోతుంది. లోపల ఇన్సులేషన్ చెడిన రోజున మాత్రం 230 వోల్టులూ ఆ ఇనుము మీదే ఉంటాయి.

కొందరు న్యూట్రల్ ముక్కనే తెచ్చి ఎర్త్ కన్నానికి కలిపేస్తారు. నాకు అన్నిటికన్నా భయం వేసేది ఇదే. ఎక్కడైనా న్యూట్రల్ తెగితే కేబినెట్ మొత్తం ఫేజ్ అయి కూర్చుంటుంది.

ఇక ఆ రొద. భూమిలోకి దారి లేనప్పుడు ఇంటి వైరింగే దానికి ఏరియల్. పక్కగదిలో 927 కిలోహెర్ట్జ్ మీద విశాఖ ఆకాశవాణి పెడితే వార్తలను మింగేస్తూ ఒకటే మోత. రేవుపోలవరం వైపు వేటకెళ్లే ఇళ్లలో తుఫాను కబురు వినబడకపోవడం చిన్న సంగతి కాదు. ఈ రొదకి అమెరికా 1979లోనే హద్దులు పెట్టింది. టీఆర్‌ఎస్-80 అనే కంప్యూటర్ మొదటి మోడల్ వాటికి లోబడలేక 1981కల్లా అమ్మకం నుంచి తప్పుకుంది.

కాబట్టి ఎర్త్ గొయ్యి తీయించండి. పైపు దించి, చుట్టూ ఉప్పూ బొగ్గూ పోయించి, ఎండాకాలంలో నీళ్లు పోస్తూ ఉండండి. ఇసుక నేల ఆరితే ఎర్త్ ఉన్నా లేనట్టే. ప్లగ్గులో ఎర్త్ పిన్ను మిగతా రెంటికన్నా పొడుగు. పెట్టేటప్పుడు అన్నిటికన్నా ముందు తగులుతుంది, తీసేటప్పుడు అన్నిటికన్నా చివర వదులుతుంది. దాన్ని విరిచేసి రెండు కన్నాల్లో దూర్చకండి.

ఇంతా చేశాక కూడా కాస్త గుయ్యిమంటే ట్రాన్సిస్టర్ని సెల్స్ మీద పెట్టి, కంప్యూటర్‌కి దూరంగా జరిపి, ఉన్నచోటే మెల్లగా తిప్పి చూడండి. లోపలి ఫెర్రైట్ కడ్డీ ఏ దిక్కుకి తిరిగితే మోత తగ్గుతుందో చెవికే తెలుస్తుంది.