రెక్క వంపు, నీటి ఒప్పుకోలు

సెంట్రిఫ్యూగల్ పంపు కేసింగ్ విప్పి ఇంపెల్లర్‌ను చేతిలోకి తీసుకుని చూడండి. నడుమ గుండ్రటి కన్ను, దాని చుట్టూ ఐదారు రెక్కలు. ప్రతి రెక్కా తాను తిరిగే దిశకు వెనక్కి ఒరిగి ఉంటుంది. ఆ వంపు అలంకారం కోసం పెట్టింది కాదు. 1851 లండన్ మహాప్రదర్శనలో జాన్ అప్పోల్డ్ వంపు రెక్కల పంపు, తిన్నని రెక్కల పంపులకంటే దాదాపు మూడు రెట్ల సామర్థ్యం చూపింది. తోడింది అదే నీరు, తిరిగింది అలాంటి చక్రమే. రూపంలో ఇంత చిన్న మార్పు ఫలాన్ని అంతగా మార్చిందంటే, దాన్ని శిల్పమనే అనాలి.

నీరు కన్నులోకి తిన్నగా వచ్చి, అక్కడే మలుపు తీసుకుని రెక్కల సందుల్లోకి మళ్ళుతుంది. నిమిషానికి 2900 చుట్లు తిరిగే 200 మిల్లీమీటర్ల ఇంపెల్లర్ అంచు వేగం సెకనుకు 30 మీటర్లు. అంత ఉధృతిలోనూ నీరు తన స్వభావాన్ని పూర్తిగా వదులుకోదు. సుడి లేకుండా వచ్చింది కనుక సుడి లేకుండానే ఉండాలని చూస్తుంది. రెక్కతోపాటు తిరుగుతూ చూడగలిగితే, ప్రతి సందులోనూ నీరు చక్రానికి ఎదురు దిశలో మెల్లగా తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. అందుకే అది రెక్క చూపిన కోణానికి కొంచెం వెనకబడి బయటపడుతుంది. ఇంజనీర్లు దీన్ని స్లిప్ అని లెక్కలో సర్దుతారు. పంపు మొత్తంలో నన్ను అన్నిటికంటే కదిలించేది ఈ వెనకబాటే. లోహం ఎంత శాసించినా నీరు నీరుగానే ఉందనడానికి ఇదే సాక్ష్యం.

బయటపడిన నీటికి, ఇంపెల్లర్ చుట్టూ నత్తగుల్లలా తిరిగిన వాల్యూట్ దారి ఇస్తుంది. చుట్టూ నీరు చేరుతున్న కొద్దీ ఆ దారి వెడల్పవుతుంది, కనుక వేగం మారదు. వేగం మారదు కనుక ఒత్తిడి అన్ని వైపులా సమంగా ఉంటుంది, షాఫ్టు మీద పక్కబరువు పడదు. చివర దారి ఇంకా విశాలమై, వేగం ఒత్తిడిగా మారి నీరు పైకి లేస్తుంది. అయితే ఇదంతా నిండుగా కుదిరేది ఒకే ఒక్క ప్రవాహ పరిమాణం దగ్గర. అక్కడ నీరు వచ్చే కోణమూ రెక్క మొన కోణమూ ఒకటవుతాయి. కావ్యానికి ఔచిత్యమే ప్రాణమన్నాడు క్షేమేంద్రుడు. పంపుకూ అంతే.

పంపు నీటిని లాగుతుందని మనం అనుకుంటాం గానీ, అది చేసేది కన్ను దగ్గర ఒత్తిడి తగ్గించడమే. నీటిని అక్కడికి నెట్టేది వాతావరణం. దానికి హద్దు 10.3 మీటర్లు, ఆచరణలో ఇంకా తక్కువ. అందుకే వేసవిలో బావినీరు దిగిపోతే మన రైతులు మోటారునూ బావిలోకి దింపుతారు. కరీంనగర్ జిల్లా లక్ష్మీపూర్ భూగర్భ పంపుహౌసులోని 139 మెగావాట్ల యంత్రాలకూ ఇదే నియమం.

ఈ నియమం తప్పితే ఏమవుతుందో రెక్క మొన దాటగానే తెలుస్తుంది. పంపులో ఒత్తిడి అతి తక్కువగా ఉండేది అక్కడే. 30 డిగ్రీల నీటికి ఒత్తిడి 4.2 కిలోపాస్కల్‌లకు, అంటే వాతావరణ పీడనంలో సుమారు ఇరవై నాలుగో వంతుకు దిగితే, వేడెక్కకుండానే అది మరుగుతుంది. రెక్క మీద తెల్లటి బుడగలు పుడతాయి. ఇంజనీరు పార్సన్స్ 1895లో చిన్న తొట్టెలో నీటి పైన ఒత్తిడి తగ్గించి, మెరిసి ఆరే వెలుగులో ఓడ ప్రొపెల్లర్ నమూనా మీద చూసింది ఈ బుడగలనే.

నాలుగడుగులు వేసేలోగా వాటికి ఎక్కువ ఒత్తిడి ఎదురవుతుంది. అవి కూలిపోతాయి. ఆ కూలడాన్ని 1917లో భౌతికశాస్త్రవేత్త లార్డ్ రేలీ లెక్కగట్టాడు. ఒక మిల్లీమీటరు వ్యాసార్ధపు శూన్య గోళం వాతావరణ పీడనంలో కూలడానికి పట్టేది సెకనులో సుమారు పదకొండు వేలో వంతు. కేంద్రానికి చేరే కొద్దీ నీటి వేగం పెరుగుతూనే పోతుంది. పక్కన గోడ ఉంటే బుడగ గుండ్రంగా కూలదు. గోడకు దూరంగా ఉన్న వైపు లోపలికి కుంగి, సన్నటి నీటిధారగా మారి, బుడగను చీల్చుకుంటూ గోడను కొడుతుంది. ఆ దెబ్బ వేలసార్లు పడితే ఉక్కు గుంటలు పడుతుంది. బయట నిలబడ్డవాళ్ళకు కేసింగ్‌లో కంకర పోసినట్టు చప్పుడు వినిపిస్తుంది. అద్భుతమూ భయానకమూ ఒకే బుడగలో ఇంత దగ్గరగా ఇంకెక్కడా చూడలేదు.

రసభంగానికి అనౌచిత్యం తప్ప వేరే కారణం లేదన్నాడు ఆనందవర్ధనుడు. ఈ బుడగ విషయంలో ఆ మాట అక్షరాలా నిజం. గాయం రెక్క మీద ఉంటుంది. తప్పు మాత్రం సన్నబడిన సక్షన్ పైపులోనో, పూడిన ఫుట్ వాల్వులోనో, అతిగా పెంచిన వేగంలోనో ఉంటుంది. గుంటలు పడిన ఇంపెల్లర్‌ను చూసి లోహాన్ని నిందించేవాళ్ళు పద్యంలో ఒక మాట దగ్గరే ఆగిపోయిన పాఠకుల్లాంటివారు.

ఆ ఔచిత్య విమర్శను మనసుకు పట్టించుకున్న చేతిపని ఎలా ఉంటుందో రాకెట్ టర్బోపంపుల్లో చూడవచ్చు. అసలు ఇంపెల్లర్ కంటే ముందు అక్కడ ఇండ్యూసర్ ఉంటుంది. దాని పొడవాటి మెలిక రెక్కలు ద్రవాన్ని అదిలించకుండా కొంచెం కొంచెంగా ఒత్తిడి పెంచుతాయి. బుడగలు పుట్టినా దారిలోనే కరిగిపోయే వ్యవధి ఇస్తాయి. బుడగను పుట్టనివ్వకూడదన్న పంతం అందులో లేదు. ద్రవం ఎంతవరకు ఒప్పుకుంటుందో తెలుసుకుని, అక్కడినుంచే వంపు మొదలుపెట్టిన వినయం ఉంది. పంపులో అందమంటే నాకు ఆ వినయమే.