ఒక బెర్తు, లక్ష వేళ్లు

త్రీ టైర్ అంటే రైలెక్కేవాళ్లకు మూడు వరసల బెర్తులున్న బోగీ. సాఫ్ట్‌వేర్ వాళ్లకు మూడంతస్తుల కట్టడం. ఆ బోగీలో మనకు చోటు దొరకాలంటే ఈ కట్టడం కుదురుగా నిలబడాలి. సంక్రాంతికి ఊరెళ్లడానికి 60 రోజుల ముందే, ఉదయం 8 గంటలకు ఫోన్లు పట్టుకుని కూర్చునే ప్రతి ఇంటికీ దాని బలమూ బలహీనతా అనుభవమే. పేరు మాత్రం తెలియదు.

కంప్యూటర్ రాకముందు ఇదే పని ఎలా జరిగేదో గుర్తు తెచ్చుకుంటే అంతస్తులు తేలిగ్గా అర్థమవుతాయి. కౌంటర్ బయట దారానికి కట్టిన పెన్నుతో ఫారం నింపేవాళ్లం: పేరు, వయసు, రైలు నంబరు, తేదీ, క్లాసు. లోపలి గుమాస్తా దాన్ని చూసి రూలుకు కుదురుతుందో లేదో తేల్చేవాడు. ఆ తర్వాతే ఆ రైలు, ఆ తేదీ రిజిస్టరు తీసి పేరెక్కించేవాడు. ఫారం, గుమాస్తా, రిజిస్టరు. నేటి మాటల్లో ప్రెజెంటేషన్, అప్లికేషన్, డేటాబేస్.

రద్దీ పెరిగితే ఫారాలు ఎన్నయినా అచ్చు వేయొచ్చు. గుమాస్తాలనూ పెంచొచ్చు, కాకపోతే ఒక షరతు: మీ సంగతి ఏ గుమాస్తా మనసులోనూ ఉండిపోకూడదు. అంతా కాగితం మీదే ఉంటే ఒకరి దగ్గర మొదలైన పని ఇంకొకరి దగ్గర పూర్తవుతుంది. అప్లికేషన్ సర్వర్లను ‘స్టేట్‌లెస్’గా రాయడమంటే ఇదే. అలా రాస్తే పండగ రోజుల్లో పదికి వంద సర్వర్లు పెట్టుకోవచ్చు. కానీ రిజిస్టరు? దానికి రెండో ప్రతి రాసి రెండు కౌంటర్లలో పెడితే ఒకే బెర్తుకు ఇద్దరు తయారవుతారు. పెరగడానికి ఒప్పుకోనిది ఆ ఒక్క పేజీయే. ఈ విద్యలోని మెలకువలన్నీ దాని చుట్టూ పుట్టినవే: అక్కడికి వీలైనంత తక్కువమందిని పంపాలి, వెళ్లినవాళ్లు వీలైనంత త్వరగా బయటపడాలి.

దగ్గరగా చూద్దాం. బెర్తు ఖాళీగా ఉందో లేదో చూడటం ఒక పని, పేరు రాయడం ఇంకో పని. ఈ రెంటి మధ్య మరొకరు దూరకుండా డేటాబేస్ ఆ బెర్తు వివరాలున్న వరసకు తాళం వేస్తుంది. మొత్తం 50 మిల్లీసెకన్లలో పూర్తయితే ఆ తాళం సెకనుకు 20 మంది చేతులు మారుతుంది. అదే తాళం వేసి ఉంచి, ప్రయాణికుడు ఓటీపీ కొట్టేదాకా ఒక నిమిషం ఆగామనుకోండి, నిమిషానికి ఒక్కరే. సర్వర్లు ఎన్ని తెచ్చినా ఆ లెక్క మారదు. అందుకే మనిషి కోసమో, మరో ఆఫీసు కోసమో ఎదురుచూస్తూ తాళం పట్టుకోకూడదన్నది ఇక్కడ మొదటి పాఠం.

తాళాలకు వరస కూడా ముఖ్యం. ఒకరు 17వ బెర్తు పట్టుకుని 18 కోసం, ఇంకొకరు 18 పట్టుకుని 17 కోసం చూస్తుంటే ఇద్దరూ అక్కడే. అదే డెడ్‌లాక్. మందు చిన్నదే: ఎవరైనా సరే చిన్న నంబరు నుంచే పట్టుకోవాలి.

అనుభవం లేనివాళ్లు తప్పు చేసేది ఇంకోచోట, రిజిస్టరు దగ్గరకు తిరిగే తిరుగుళ్లలో. 72 బెర్తుల స్లీపర్ బోగీలో ఏది ఖాళీయో తెలుసుకోవడానికి 72 సార్లు వెళ్లి అడిగే కోడ్ ఇప్పటికీ రాస్తున్నారు. ఒక్కో తిరుగుడుకు 2 మిల్లీసెకన్లే కావచ్చు, మొత్తం 144. ఒక్కసారి వెళ్లి బోగీ అంతా అడిగితే తీరిపోయేదానికి! రాసినవాడి ల్యాప్‌టాప్ మీద ఈ తేడా కనిపించదు. జనం మీద పడ్డప్పుడే బయటపడుతుంది.

పేజీని పెంచలేకపోయినా పుస్తకాన్ని పంచుకోవచ్చు. మన రైల్వే చేసింది అదే. 1985లో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైంది. తర్వాత ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ అనే అయిదు కేంద్రాలు ఏ ప్రాంతం రైళ్ల లెక్క ఆ ప్రాంతంలోనే ఉంచుకున్నాయి. ఇబ్బంది తిరుగు ప్రయాణంతో వచ్చింది. పక్క కేంద్రం రైలుకు ఇక్కడ టికెట్ ఇవ్వడం ఎలా? ఆ చిక్కు తీర్చిన కాన్సర్ట్ అనే వ్యవస్థను రైల్వే సొంత సంస్థ క్రిస్ తయారు చేసింది. అది మొదట నడిచింది మన సికింద్రాబాద్‌లోనే, 1994లో. 1999 ఏప్రిల్ నాటికి అయిదు కేంద్రాలూ ఒక వలలోకి వచ్చాయి. మధ్యలో కూర్చున్న రిలయబుల్ ట్రాన్సాక్షన్ రౌటర్ అనే సాఫ్ట్‌వేర్ మీ అభ్యర్థన ఏ కేంద్రం పుస్తకానికి చెందిందో చూసి అక్కడికే చేర్చేది. పీఎన్ఆర్ పది అంకెల్లో మొదటివి ఆ కేంద్రం గుర్తులే.

అయితే పంచుకోవడానికీ ఒక హద్దుంది. పండగ ముందు రోజు జనమంతా అడిగేది ఒకే గోదావరి ఎక్స్‌ప్రెస్‌ని. మిగతా పుస్తకాలు ఖాళీగా ఉంటాయి, ఆ ఒక్క పేజీ దగ్గర తొక్కిసలాట. పైగా బెర్తంటే ఒకే సరుకు కాదు. విశాఖ నుంచి విజయవాడ వరకు ఒకరికి, అక్కడి నుంచి కాజీపేటకు మరొకరికి అమ్మొచ్చు. అందుకే ‘ఎన్ని మిగిలాయి’ అన్న చిన్న ప్రశ్నకు జవాబు చెప్పాలన్నా పెద్ద లెక్కే.

ఆ ప్రశ్న అడిగేవాళ్లు కొనేవాళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. వాళ్లందరినీ రిజిస్టరు దాకా రానివ్వకుండా కౌంటర్ బయట సుద్దముక్కతో బోర్డు రాసినట్టు, క్యాష్ అనే తాత్కాలిక నిల్వలో ఒక ప్రతి ఉంచుతారు. బోర్డు మీద రాసింది కొన్ని క్షణాల పాతది. అందుకే తెర మీద 14 ఖాళీలు చూసినవాడికి డబ్బు కట్టేసరికి వెయిటింగ్ లిస్టు వస్తుంది. మోసం కాదది. చూడటానికి బోర్డు, రాయడానికి మాత్రం అసలు పేజీయే అని చేసుకున్న ఒప్పందం.

డబ్బు సంగతి ఇంకా చిక్కు. బ్యాంకు పుస్తకం ఒకటి, రైలు పుస్తకం ఇంకొకటి. రెండూ కలిసి మారాలి, లేదా రెండూ మారకూడదు. జిమ్ గ్రే వంటి డేటాబేస్ శాస్త్రవేత్తలు 1970ల్లోనే దీనికి రెండంచెల పద్ధతి చెప్పారు: ముందు అందరినీ ‘సిద్ధమేనా’ అని అడిగి, అందరూ సరేనంటేనే ఖాయం చేయడం. కానీ ఒకరు జవాబివ్వకుండా పడిపోతే మిగతావాళ్లు తాళాలు పట్టుకుని కూర్చోవాలి. అందుకని ఇప్పుడు ఎక్కువగా వాడేది వేరే దారి. ఎవరి పని వారు ముగించుకుంటారు, తేడా వస్తే వెనక్కి తిప్పే పద్దు రాస్తారు. టికెట్ రాకుండా ఖాతాలో తగ్గిన డబ్బు కొన్ని రోజులకు తిరిగి పడేది ఇలాగే. ప్రతి చెల్లింపుకూ ఒక గుర్తు నంబరు ఉండాలి. నెట్ తెగి మీరు రెండోసారి బటన్ నొక్కినా, అదే నంబరు చూసి రెండో టికెట్ రాయకుండా ఆగేలా.

2014లో కొత్త ఈ-టికెటింగ్ వ్యవస్థ వచ్చాక నిమిషానికి 2,000 టికెట్ల స్థాయి 7,200కు పెరిగింది. కానీ నాకు అంతకంటే నచ్చింది 2015లో చేసిన మార్పు: తత్కాల్ ఏసీ క్లాసులకు 10 గంటలకు, మిగతావాటికి 11 గంటలకు. గడియారంలో గంట జరిపి ఒక తొక్కిసలాటను రెండు క్యూలుగా విడదీశారు.

ఇంత సరంజామా వచ్చినా తెర మీద మొదట కనిపించేది పాత ఫారమే: పేరు, వయసు, రైలు, తేదీ. వయసు గడి ఖాళీగా వదిలితే ఫోనే ఆపేస్తుంది, లోపలికి పంపదు. ఒకప్పుడు క్యూలో మన వెనక నిలబడ్డ పెద్దమనిషీ మన ఫారంలోకి తొంగిచూసి ఆ మాటే అనేవాడు: ముందు వయసు రాయి నాయనా, కిటికీ దగ్గరకెళ్లి రాస్తే అందరికీ ఆలస్యం.