చావు పాట కాదు: చిరి యుకియే పుస్తకాన్ని ఎట్లా చదవాలి?

చిరి యుకియే పేరెత్తితే చాలు, రెండు మాటలు వినపడతాయి. ఒకటి, 19 ఏళ్ళకే చనిపోయింది. రెండు, అంతరించిపోతున్న జాతికి ఆఖరి గొంతు. మొదటిది నిజం. రెండోది ఆధిపత్య జాతి తన సౌకర్యం కోసం అల్లుకున్న మాట. మా పేచీ దానితోనే.

1903లో హొక్కైడోలోని నొబొరిబెత్సులో పుట్టిన ఐనూ పిల్ల ఆమె. అమ్మమ్మా పెద్దమ్మా పాటలు పాడే ఇంట్లో పెరిగింది. 13 దేవతల పాటల్ని ఐనూ భాషలోనే రోమన్ లిపిలో రాసి, ఎదురుగా జపనీస్ అనువాదం పెట్టింది. 1922 సెప్టెంబర్‌లో టోక్యోలో, భాషాశాస్త్రవేత్త కిందాయిచి క్యోసుకే ఇంట్లో గుండెజబ్బుతో చనిపోయింది. 'ఐనూ షిన్‌యోషూ' 1923లో అచ్చయింది. రాత ఆమెది, అనువాదం ఆమెది. కథ చెప్పేటప్పుడు మాత్రం పండితుడు కాపాడినవాడవుతాడు, ఆమె దొరికిన ముత్యమవుతుంది. 1978లో ఇవానామి బుంకో వరసలో వేసినప్పుడు ఈ పుస్తకాన్ని విదేశీ సాహిత్యం కింద పెట్టారు. నేల స్వదేశమట, పాట విదేశమట!

ముందుమాటలో దుఃఖం లేదని మేం అనం. పోగొట్టుకున్న అడవినీ ఏరునీ తల్చుకుంటుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు. తమలోంచి గట్టివాళ్ళు ఇద్దరు ముగ్గురు లేచొస్తే ఎప్పటికైనా లోకంతో సమానంగా నడుస్తామన్న ఆశ కూడా అక్కడే రాసింది. దాన్నెందుకు దాటేస్తారు?

ఇక పాటలు. మొదటి పాటలో గుడ్లగూబ దేవుడు 'నేను' అంటూ తన కథ తనే చెప్పుకుంటాడు. కింద పిల్లలు ఆడుతుంటారు. కొత్తగా కలిగినవాళ్ళ పిల్లల చేతుల్లో బంగారు బాణాలు. చితికిపోయిన ఇంటి పిల్లవాడి చేతిలో ఒట్టి కర్ర బాణం. వాణ్ణి మిగతావాళ్ళు గేలిచేస్తారు, కొడతారు. దేవుడు బంగారు బాణాల్ని తప్పించుకుని, కర్ర బాణాన్ని చెయ్యిచాపి అందుకుంటాడు. ఐనూలకు వేటంటే దేవుడు అతిథిగా ఇంటికి రావడం. మర్యాద చేసి సాగనంపాలి. ఎవరింటికి రావాలో దేవుడిష్టం. పేదరికం గురించీ గౌరవం గురించీ ఇంత తేటగా మాట్లాడే పాటను ఆదిమ అమాయకత్వం అనేవాళ్ళు అసలు పాట వినలేదన్నమాట.

ఆ 'అంతరించడం' కూడా దానంతటది జరగలేదు. 1869లో జపాన్ ప్రభుత్వం ఐనూల నేలకు హొక్కైడో అని పేరుపెట్టి కలిపేసుకుంది. ఆడవాళ్ళ పచ్చబొట్లు నిషేధించింది. ఏట్లో సాల్మన్ పట్టడం నేరమైంది. 1899 చట్టం పేరులో 'రక్షణ' ఉంది. చేసిందల్లా వేటగాళ్ళనీ జాలర్లనీ రైతులుగా మార్చబోవడం. 1997 దాకా అది బతికే ఉంది. నిబుతాని డ్యామ్‌కు భూములు గుంజుకోవడం చట్టవిరుద్ధమని ఆ 1997లోనే సప్పొరో జిల్లా కోర్టు తేల్చింది. అప్పటికే కట్టేశారు కాబట్టి డ్యామ్ ఉండిపోయింది.

2019 చట్టం ఐనూలను ఆదిమ ప్రజలని ఒప్పుకుంది. 2020లో షిరావోయిలో ఉపొపోయ్ తెరిచారు. అందులో జాతీయ మ్యూజియం ఉంది. పరిశోధన పేరుతో సమాధులు తవ్వి విశ్వవిద్యాలయాలు దాచుకున్న వెయ్యికి పైగా మనుషుల ఎముకలూ ఆ ఆవరణకే చేరాయి. ఊళ్ళకు తిరిగొచ్చినవి కొన్నే. అదే 2020లో ఉరాహోరో ఐనూలు తమ ఏట్లో సాల్మన్ పట్టుకునే హక్కు కోసం దావా వేశారు. 2024 ఏప్రిల్‌లో కోర్టు కొట్టేసింది. క్రతువుకైతే అనుమతి తెచ్చుకుని పట్టుకోవచ్చు. బతుకుతెరువుకు మాత్రం హక్కు లేదు. సంస్కృతి అంటే రాజ్యానికి అర్థమయ్యేది ఇంతే: ఆట చూపించు, అన్నం అడక్కు.

డక్కలివాళ్ళ జాంబపురాణాన్ని టేపుల్లోకి ఎక్కించుకునేవాళ్ళను మేం అడిగేదీ ఇదే. పాట కావాలి, పాడేవాళ్ళ బతుకు అక్కర్లేదా? పోలిక ఇక్కడికే. ఐనూల మీద జరిగింది నేల ఆక్రమణ, దాన్ని కులం లెక్కలో కలిపేసి చదవకూడదు.

సాల్మన్‌ను ఐనూలు 'కముయ్ చెప్' అంటారు, దేవుడి చేప అని. పాఠం చెప్పే మిత్రులకు మా మనవి ఒకటే. యుకియే ముందుమాట చెప్పిన రోజునే ఉరాహోరో దావా సంగతీ చెప్పండి. ఏరు లేకుండా ఆ పాట అర్థం కాదు.