నిరోష్ఠ్యమునకు నిమిత్తము: కొల్లేటి కథయు కృత్రిమమేధయు

కృత్రిమమేధ కవిత్వము చెప్పగలదా యను ప్రశ్న, 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడినది మొదలు మన తెలుగు శాఖలలోను వినవచ్చుచున్నది. కొందరు చెప్పగలదని భయపడుచున్నారు. కొందరు చెప్పలేదని ఊరడిల్లుచున్నారు. ఉభయులును ప్రశ్నను పరీక్షింపకయే సమాధానమునకు తొందరపడుచున్నారని మా తలంపు. యంత్రమేమి చేయగలదో నిర్ణయించుటకు ముందు, మనము ఇంతకాలము దేనిని సృజనమని మెచ్చుచు వచ్చితిమో తేల్చుకొనవలసియున్నది. అందులకు కొల్లేటి తీరమునకు సంబంధించిన ప్రాచీనకథ యొకటి మిక్కిలి యుపకరించును.

దండి దశకుమారచరితమున సప్తమోచ్ఛ్వాసము మంత్రగుప్తుని వృత్తాంతము. కళింగరాజైన కర్దనుని, ఆతని కూతురు కనకలేఖను ఆంధ్రరాజు జయసింహుడు చెరపట్టి కొనిపోవును. ఆమెను యక్షుడొకడు ఆవహించియున్నాడని వదంతి పుట్టును. మంత్రగుప్తుడు తాపసవేషమున ఆంధ్రనగరమునకు వచ్చి, సముద్రమువలె విశాలమైన యొక సరస్సు గట్టున మకాము చేయును. ఆ సరస్సున స్నానము చేసినచో యక్షుని జయింపగల క్రొత్త శరీరము లభించునని రాజును నమ్మించును. గట్టున ముందే త్రవ్వియుంచిన బిలమున దాగి, నీట దిగిన రాజును నీటిలోనే కడతేర్చి, తాను పైకి వచ్చి, క్రొత్త శరీరము దాల్చిన రాజును నేనే యనును. లోకము నమ్మును. ఆ నగరము ఏలూరునకు చేరువనున్న పెదవేగి యనియు, ఆ సరస్సు కొల్లేరనియు పలువురు పండితులు గుర్తించియున్నారు.

ఈ కథను ప్రసిద్ధము చేసినది దాని యితివృత్తము కాదు. మంత్రగుప్తుడు దీనిని ఓష్ఠ్యవర్ణములు లేకుండ చెప్పును. ప, ఫ, బ, భ, మ లు ఆతని నోట వెలువడవు. కారణమేమన, ప్రియురాలి దంతక్షతముచే ఆతని పెదవి నొచ్చియున్నది. పెదవులు కలిపినచో బాధ కలుగును. అందుచేత కథ ఎంత సాగినను వినువాడు ఆ గాయమును మరువజాలడు. పలుకని ప్రతి యక్షరమును ఆ ప్రణయమునకు సాక్ష్యమే.

ఇదే దండి కావ్యాదర్శ తృతీయపరిచ్ఛేదమున స్వరస్థానవర్ణ నియమములను దుష్కరములుగా వివరించెను. రెండు గ్రంథములకును కర్త యొక్కడే యను బహుజనమతమును మేమును అంగీకరించి చెప్పుచున్నాము. శాస్త్రమున నియమము నియమముగనే యున్నది. కథలో నదియే పాత్రకు దేహధర్మమైనది. ఈ భేదమును మేము నిమిత్తమని పిలుచుచున్నాము. నియమమును పాటించుట నేర్పు. నియమమునకు నిమిత్తమును కల్పించుట సృజనము. మా వాదమునకు ఇదియే మూలసూత్రము.

మన వాఙ్మయమున నియమకావ్యములకు కొదువ లేదు. మరింగంటి సింగరాచార్యుడు దశరథరాజనందనచరిత్రమును నిరోష్ఠ్యముగ రచించెను. అచట నియమము కావ్యమంతటిని ఆవరించియున్నది. దానికి పాత్రగతమైన నిమిత్తము మాకు కానరాదు. కవి సామర్థ్యమునకు నమస్కరింతుము. కాని మంత్రగుప్తుని పెదవి మనకు కలిగించు ఎఱుక వేరు, ఈ సామర్థ్యము కలిగించు ఆశ్చర్యము వేరు. ఈ రెంటిని వేరుచేసి చూపుటలో మన విమర్శ తఱచు ఉపేక్ష వహించినది. దుష్కరమైనదెల్ల ఉత్తమమనుకొను అలవాటు మనది. నేడు దుష్కరము సుకరమగుచుండగా, ఆ అలవాటునకే దెబ్బ తగులుచున్నది.

యంత్రమెట్లు పనిచేయుచున్నదో చూతము. అపారమైన వ్రాతలను జీర్ణించుకొని, ఒక మాట తరువాత ఏ మాట రాదగునో ఊహించి పలుకుటయే నేటి భాషానమూనాల ప్రధానవ్యాపారము. అవి పదములను అక్షరములుగా గాక తునకలుగా గ్రహించుటచే, అక్షరనియమములలో తడబడుట కలదు. కాని నిషిద్ధాక్షరములను ఏరివేయు చిన్న జల్లెడను జోడించినచో ఆ తడబాటు తీరును. కనుక నిరోష్ఠ్యము యంత్రమునకు అలవికానిదని ఎవ్వరును ధైర్యము తెచ్చుకొనరాదు.

అవధానములోని నిషిద్ధాక్షరిని దీనికి ఎదురుగా నుంచి పరిశీలింపవలెను. పృచ్ఛకుడును రాదగిన యక్షరమునే ఊహించును. కాని దానిని పలుకుటకు గాదు, నిషేధించుటకు. అవధాని ఊహింపబడిన త్రోవను విడిచి, అర్థము చెడకుండ, ఛందస్సు తప్పకుండ, వేరొక త్రోవ తీయవలెను. యంత్రము సంభావ్యతకు దాసి. అవధాని సంభావ్యతకు ప్రత్యర్థి. అచట నిమిత్తము ఎదుట కూర్చున్న మనుష్యుడే. కొల్లేటికి చేరువ పల్లెయైన యెండగండిలో జన్మించిన దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రితో జంటగా సభలను గెలిచినది ధారణబలముచేతనే కాదు. సభను, సమయమును, ఎదుటివాని మనస్సును ఎఱిగి పలుకుటచేత. వ్రాతలో మిగిలిన పద్యము ఆ సభకు నీడ మాత్రమే. యంత్రము నేర్చినది ఆ నీడలనుండి.

ఇచట న్యాయముగ ఒక యాక్షేపమును ఎదుర్కొనవలెను. కావ్యాదర్శ ప్రథమపరిచ్ఛేదమున దండి నైసర్గికమైన ప్రతిభను, నిర్మలమైన బహుశ్రుతమును, అమందమైన అభియోగమును కావ్యకారణములుగ పేర్కొనెను. వెంటనే, ప్రతిభ లేకున్నను శ్రుతయత్నములచే కొలిచినచో వాగ్దేవి యేదో కొంత యనుగ్రహము చూపునని సడలింపును ఇచ్చెను. శ్రుతమున యంత్రమును మించినవాడెవడు? అలసట యెఱుగని దానికి యత్నమున లోటేమి? అట్లయిన దండి మాటచొప్పుననే వాగ్దేవి దానిని అనుగ్రహింపవలదా?

మా సమాధాన మిది. దండి శ్రుతమును బహువని మాత్రమే విడువలేదు, నిర్మలమును అనెను. నిర్మలత్వము రాశిచే రాదు, వివేకముచే వచ్చును. మఱియు ఆ సడలింపు కవి కాగోరి శ్రమించువానికి ఇచ్చిన యూరట. ఆ శ్రమ వానిని మార్చును. శ్రమను యంత్రమున కప్పగించిన విద్యార్థికి పద్యము మిగులును గాని, ఆ మార్పు మిగులదు.

ఈ భయము ఊహామాత్రము కాదు. అనిల్ దోషి, ఆలివర్ హౌసర్ అను పరిశోధకులు 2024లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో ఒక ప్రయోగఫలితమును ప్రకటించిరి. యంత్రమునుండి ఊహలను గైకొని వ్రాసినవారి చిన్నకథలు, విడివిడిగ చూచినప్పుడు, మెఱుగైనవిగా పాఠకులకు తోచినవి. సృజనశక్తి తక్కువైన రచయితలకే లాభమెక్కువ. కాని ఆ కథలన్నియు ఒకదానికొకటి దగ్గరగ జరిగినవి. ఒక్కొక్కనికి లాభము, సమష్టికి నష్టము. సాహిత్యము సమష్టిసంపద గనుక, తెలుగువంటి భాషకు ఈ నష్టము చిన్నది కాదు.

కొల్లేటినే చూడుడు. 1999లో ఇది వన్యప్రాణి అభయారణ్యమైనది. 2002లో రామ్‌సర్ ఒడంబడికక్రింద అంతర్జాతీయప్రాముఖ్యము గల చిత్తడినేలగ గుర్తింపబడినది. 2005-06లో చేపలచెరువుల గట్లను ప్రభుత్వము పగులగొట్టించినది. ఇవి యన్నియు అచ్చులో నున్నవి. యంత్రము క్షణములో చెప్పగలదు. మిక్కిలి పొడవైనదానిని కొల్లేటి చాంతాడనుటయు నిఘంటువులనుండి దానికి అందును. కాని లంకగ్రామములలో వలను బట్టి, నీటి రంగును బట్టి, గాలిని బట్టి జాలరి పలుకు మాటలు అచ్చున కెక్కినవి స్వల్పము. అక్కినేని కుటుంబరావు కొల్లేటి జాడలు నవలకు విలువ వచ్చినది, సరస్సును గూర్చిన సమాచారముచేత గాదు; ఆ నీటిని ఆశ్రయించి బ్రతికిన పల్లె చెదరిపోవుటను లోనుండి చూచిన చూపుచేత. నీరు తగ్గినకొలది మాటయు తగ్గుచున్న చోట, రావలసిన కొల్లేటి రచనలన్నియు అచ్చులోని పాతమాటల సగటునుండియే పుట్టినచో, వ్రాతకెక్కని ఆ పలుకులు రెండవమారు మునిగిపోవును.

ఇట్లనుటచే యంత్రమును శాఖలనుండి వెలివేయుమని మేము చెప్పుటలేదు. పాఠాంతరములను పోల్చుటకు, పదప్రయోగములను వెదకుటకు, గణములను సరిచూచుటకు అది మంచి పరిచారిక. తప్పు యంత్రముది కాదు. నిమిత్తము లేని పద్యమునకు బహుమతులిచ్చినవారము మనమే. ఉన్న గ్రంథములనుండి ఏర్చికూర్చిన వ్యాసమును పరిశోధనమని అంగీకరించినవారము మనమే. యంత్రము ఆ పనిని మనకంటె చులకనగ చేసి, మన కొలబద్దలోని లోపమును బయటపెట్టినది.

కనుక మా సూచన రెండు విధములు. విమర్శకుడు రచన నెదుర్కొన్నప్పుడు, ఇది దుష్కరమా యని గాక, దీనికి నిమిత్తమేమి యని మొదట అడుగవలెను. అధ్యాపకుడు విద్యార్థిని పరీక్షించునప్పుడు, సిద్ధవ్యాసమునుగాక, ఆతడు విన్న పలుకును, చూచిన ప్రతిని, మార్చుకొన్న యభిప్రాయమును అడుగవలెను. ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతముల విద్యార్థి యొకడు నెలదినములు లంకలలో తిరిగి ఏబది మాటలను పలికినవారి సందర్భముతో వ్రాసికొని వచ్చినచో, అది యేబది పుటల యంత్రరచనకంటె మాకు ప్రియమైనది.

మంత్రగుప్తుడు సరస్సునుండి వెలికి వచ్చినప్పుడు ఆంధ్రనగరము ఆతనిని రాజుగనే స్వీకరించెను. రూపము సరిపోయినది గనుక అడిగినవారు లేరు. దండి పాఠకుడు మాత్రము మోసపోడు, నీటి యడుగున జరిగినది అతనికి తెలియును గనుక. విమర్శకుడు నగరజనులలో నొకడు కాక, ఆ పాఠకునివలె నుండవలెనని మా మనవి.